వేరుశనగ చెక్క కోళ్ళకు బలమే – బూజు పట్టకుంటే

కార్తీక మాసం వచ్చేసరికి చిత్తూరు పడమటి మండలాల పల్లెల్లో ఏ ఇంటి వాకిట చూసినా వేరుశనగ కాయలే. చెట్టు పెరికి, కాయ దూసి, ఎండబెట్టి, తూర్పారబట్టిన తర్వాత రైతు ఇంట మూడు కుప్పలు తేలతాయి. గట్టి కాయ ఒక కుప్ప. అది వ్యాపారికి పోతుంది. ఏరి పక్కన పెట్టింది ఇంకొకటి. అది విత్తనానికి. మూడో కుప్పను ఎవరూ సరిగా తూకం కూడా వేయరు. డొల్లలు, పురుగు తొలిచినవి, చెదలు కొరికినవి, వాన నీటికి నల్లబడినవి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్కిన వాసన కొట్టేవి అన్నీ అందులోనే. ఈ మూడో కుప్పలో కొంత నూనె మిల్లుకు పోతుంది, మిగిలింది పెరట్లో కోళ్ళకు పడుతుంది. మిల్లుకు పోయింది కూడా నూనె తీసిన తర్వాత చెక్కగా మారి మళ్ళీ కోళ్ళకూ, పశువులకే వస్తుంది.

"కోడి రాయినైనా అరిగించుకుంటుంది, బూజు కాయ ఒక లెక్కా" అనే మాట ఏ ఊళ్ళోనైనా వినపడేదే. కోడి రాళ్ళు మింగే మాట నిజమే. పళ్ళు లేవు గనుక కందనకాయలో గింజ నలగడానికి చిన్న రాళ్ళు దానికి అవసరం. అయితే బూజులో పుట్టే విషం కందనకాయలో నలిగేది కాదు. అది నేరుగా కారిజాన్ని పట్టుకుంటుంది. ప్రతి ఏటా కాయల కాలం దాటిన తర్వాత కోళ్ళు ముడుచుకు కూర్చోవడం, గుడ్లు తగ్గిపోవడం, నాలుగు రోజుల తేడాలో నాలుగు కోళ్ళు చచ్చిపోవడం పల్లెల్లో కొత్త కాదు. దాన్ని తెగులు అంటారు, దిష్టి అంటారు, మందు వేయించినా ఆగలేదంటారు. తొట్టిలో వేసిన మేతను మాత్రం అనుమానించరు.

మేతను అనుమానించకపోవడానికి కారణం లేకపోలేదు. వేరుశనగ చెక్క అంత మంచి మేత మరి. పూర్వం నుంచీ పాడి గేదెకూ, కాడెద్దుకూ, కోడికీ బలం కోసం రైతు నమ్మింది దాన్నే. పొట్టు తీసిన పప్పు ఆడించగా వచ్చిన చెక్కలో మాంసకృత్తులు నూటికి 40 నుంచి 48 పాళ్ళ దాకా వుంటాయి. మొక్కజొన్నలో ఇవి 9 పాళ్ళు మించవు. తవుడులో 12 పాళ్ళకు అటూ ఇటూ. గుడ్లు పెట్టే కోడికి మొత్తం దాణాలో 16 నుంచి 18 పాళ్ళ మాంసకృత్తులు కావాలి. ఎదిగే బ్రాయిలర్ పిల్లకు మొదటి రోజుల్లో 22 పాళ్ళు కావాలి. ఒక్క గుడ్డులోనే 6 గ్రాముల మాంసకృత్తులు బయటికి పోతాయి. నూకలూ, జొన్నలూ, రాగులూ ఎంత వేసినా ఈ లోటు తీరదు. కడుపు నిండుతుంది గాని గుడ్డు రాదు. ఆ లోటు పూడ్చడానికే చెక్క.

చెక్కలన్నీ ఒకటి కావు. గానుగ చెక్కలోనూ, ఎక్స్‌పెల్లర్ మిల్లు చెక్కలోనూ నూనె ఇంకా కొంత మిగిలి వుంటుంది. దాని వల్ల కోడికి శక్తి ఎక్కువ వస్తుంది, కాని నిలవ పెడితే త్వరగా కమురు వాసన పడుతుంది. మందు పోసి నూనె పూర్తిగా లాగేసిన చెక్కలో నూనె దాదాపు వుండదు, మాంసకృత్తుల పాలు ఆ మేరకు పెరుగుతుంది, నిలవకూ కాస్త ఓర్చుకుంటుంది. తొక్కతో సహా ఆడించిన చెక్క కోళ్ళకు దండగ. తొక్కలోని పీచును కోడి అరిగించుకోలేదు. చెక్కను నీళ్ళలో కలిపి చూస్తే తొక్క పైకి తేలుతుంది, ఇసుక కలిపి వుంటే అడుగున దిగుతుంది. ఇది ఏ రైతైనా ఇంట్లో చూసుకోగలిగిన పరీక్ష.

బలం విషయంలో కూడా వేరుశనగ చెక్కకు ఒక లోపం వుంది. మాంసకృత్తులు అనేవి ఒకే పదార్థం కాదు. అమైనో ఆమ్లాలు అనే ఇరవై రకాల ముక్కలు కలిస్తే ఏర్పడేవి. వాటిలో లైసిన్, మెథియోనిన్ అనే రెండూ కోడికి బయటి నుంచి అందవలసినవి. 100 కిలోల వేరుశనగ చెక్కలో లైసిన్ సుమారు కిలోన్నర. అదే 100 కిలోల సోయా చెక్కలో దాదాపు 2 కిలోల 800 గ్రాములు. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి ఆ కుంటి ఎద్దు నడకనే నడుస్తుంది, రెండోది ఎంత బలంగా వున్నా లాభం లేదు. లైసిన్ తగ్గిన దాణా తిన్న కోడి సంగతి కూడా అంతే. మిగతా మాంసకృత్తులు ఎంత వున్నా పెరుగుదల లైసిన్ దగ్గర ఆగిపోతుంది. మన పెద్దవాళ్ళు చెక్కతో పాటు ఎండుచేపల పొడి కలిపేవారు. లెక్కలు తెలిసి చేశారో లేదో గాని, అది సరైన పనే. చేపలో లైసిన్, మెథియోనిన్ రెండూ పుష్కలం.

కోళ్ళ పెంపకం పెద్ద పరిశ్రమ అయిన తర్వాత పెద్ద ఫారాల వాళ్ళు సోయా చెక్క వైపు తిరిగారు. ఇప్పుడు దాణా మిల్లుల్లో మాంసకృత్తుల కోసం ప్రధానంగా వాడేది సోయానే. అయినా వేరుశనగ పండే ప్రాంతాల్లో చిన్న ఫారాలు, నాటుకోళ్ళు పెంచుకునే ఇళ్ళు చెక్కను వదల్లేదు. దగ్గర దొరుకుతుంది, కొద్దికొద్దిగా కొనుక్కోవచ్చు, తెలిసిన మిల్లువాడు అప్పు కూడా ఇస్తాడు. సోయా చెక్క ధర పెరిగినప్పుడల్లా దాణా కలిపేవాళ్ళ చూపు కూడా దీని మీదే పడుతుంది.

ఇక విషం సంగతి. 1960లో ఇంగ్లండులో కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. ఏ సూక్ష్మజీవీ దొరకలేదు, ఏ తెగులుతోనూ పోలిక కుదరలేదు. పేరు తెలియక దాన్ని "టర్కీ ఎక్స్ వ్యాధి" అన్నారు. బాతు పిల్లలు కూడా అలాగే రాలాయి. ఆరా తీయగా చచ్చిన పక్షులన్నీ తిన్న దాణాలో బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన వేరుశనగ పిండి వుందని తేలింది. ఆ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారు చేసిన విషం బయటపడింది. బూజు పేరులోని అక్షరాలు కలిపి దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. తర్వాత వెతికితే ఆ విషం బ్రెజిల్ సరుకులోనే కాదు, ఇతర దేశాల చెక్కలోనూ, మన దేశం చెక్కలోనూ దొరికింది. అంటే అంతకు ముందు కూడా మన కోళ్ళు, గేదెలు దాన్ని తింటూనే వున్నాయన్న మాట. పేరు మాత్రమే కొత్త.

మన వైపు కూడా నష్టాలు నమోదయ్యాయి. 1960 దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో ముర్రా గేదెలు వేరుశనగ చెక్క తిని జబ్బు పడిన సంగతిని పశువైద్యులు 1965లో ప్రచురించారు. 1966లో అప్పటి మైసూరు రాష్ట్రంలో విషపు చెక్క తిని రెండు వేలకు పైగా కోడిపిల్లలు చచ్చిపోయాయి. 1980లలో చిత్తూరు జిల్లాలోనే చెక్క కలిపిన దాణా వల్ల కోడిపిల్లలు పెద్దఎత్తున చనిపోయినట్టు పశువైద్యుల నివేదికల్లో వుంది. మనుషుల మాటకొస్తే 1974లో జరిగింది అన్నిటికంటే ఘోరం. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కోత సమయంలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 100 మందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు వెళ్ళి పరిశోధించి అది అఫ్లటాక్సిన్ పని అని చెప్పారు. ఆ ఊళ్ళల్లో అదే రొట్టె తిన్న కుక్కలు కూడా చచ్చాయి. ఈ విషం వేరుశనగకే పరిమితం కాదని, మొక్కజొన్న కలిపేవాళ్ళు కూడా జాగ్రత్త పడాలని దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

బూజు ఎక్కడ పడుతుంది? గోదాములో అని అందరూ అనుకుంటారు. సగం నిజమే. మిగతా సగం చేనులోనే మొదలవుతుంది. ఈ బూజు మన ఎర్ర నేలల్లో ఎప్పుడూ వుండేదే. కాయ ఊరే చివరి నెలన్నర రోజుల్లో వాన మొహం చాటేస్తే నేల వేడెక్కుతుంది, చెట్టు వాడుతుంది, కాయకు తన్ను తాను కాపాడుకునే శక్తి తగ్గుతుంది. అదే అదనులో చెదలు, పురుగులు తొక్కను కొరుకుతాయి. ఆ కంతలోంచి బూజు లోపలికి దూరుతుంది. వర్షాధారం మీద పండించే రాయలసీమ రైతుకు చివరి తడి దొరకని సంవత్సరాలే ఎక్కువ. అందుకే ఈ బెడద మన వైపు మరీ ఎక్కువ. పంట పోయిన బాధ చాలదన్నట్టు మిగిలిన నాలుగు కాయల్లో విషం!

తర్వాతిది కోత సమయం. చేనంతా ఎండి, తీరా చెట్టు పెరికే వేళకు ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టుకుంటుంది. పెరికిన చెట్లు ఓదెలు ఓదెలుగా నేల మీద పడి తడుస్తాయి. తడిసిన కట్టెను అలాగే వామి వేస్తే లోపల ఆవిరి పట్టి వేడెక్కుతుంది. బూజుకు అంతకంటే అనువైన చోటు లేదు. 25 నుంచి 35 డిగ్రీల వేడి, గాలిలో తేమ వుంటే చాలు, రెండు మూడు రోజుల్లో పని పూర్తి చేస్తుంది.

చెట్టు పెరికిన తర్వాత నేలలో మిగిలిపోయిన కాయ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తొడిమ తెగి మట్టిలో వుండిపోయిన కాయలను కూలీలు, పిల్లలు పరిగె ఏరుకుంటారు. పేద ఇంటికి ఆ గంపెడు కాయలే సంవత్సరానికి దొరికే వేరుశనగ. ముదిరిపోయి, రోగం పట్టి, తొక్క మెత్తబడి తెగిన కాయలే నేలలో ఎక్కువగా మిగులుతాయి గనుక విషం పాలు ఆ పరిగె కాయలోనే ఎక్కువగా వుంటుంది. బాగున్నవి పిల్లలు తినగా, నల్లబడినవి కోళ్ళకు వేస్తారు. నాటుకోళ్ళు ఎక్కువగా వుండేది కూడా ఆ ఇళ్ళలోనే. గుడ్డు అమ్మిన డబ్బుతో పిల్లల పుస్తకాలకూ, సంఘంలో కంతు కట్టడానికీ సర్దుకునే ఇల్లాలికి నాలుగు పెట్టలు పోవడం చిన్న నష్టం కాదు.

ఇంకో అలవాటు కూడా వుంది. కాయ ఒలిచే మిషనులో పప్పు పగలకుండా వుండాలని ముందు కాయల మీద నీళ్ళు చల్లుతారు. పగలని పప్పుకు ధర ఎక్కువ, పైగా తూకమూ కలిసి వస్తుంది. అలా తడిపిన పప్పును మళ్ళీ ఎండబెట్టే ఓపిక ఎవరికీ వుండదు. మూటలు కట్టి లారీ ఎక్కిస్తారు. ఎండిన కాయలో నిద్రపోతున్న బూజును చేజేతులా లేపడమే ఇది. వ్యాపారి రెండు రూపాయల లాభం ఎక్కడో పెంకుటింటి వెనక కోళ్ళ గంప కింద ప్రాణం మీదికి వస్తుంది.

మిల్లులో జరిగేది కూడా తెలుసుకోవాలి. 100 కిలోల పప్పు ఆడిస్తే నూనె పోగా చెక్క 55, 60 కిలోలు మిగులుతుంది. విషం నూనెతో పాటు పోయేది కొంచెమే. ఎక్కువ భాగం చెక్కలోనే నిలిచిపోతుంది. కాబట్టి పప్పులో వున్న విషం చెక్కకు వచ్చేసరికి చిక్కబడి రెట్టింపుకు దగ్గరవుతుంది. గట్టి పప్పు తినుబండారాలకూ, ఎగుమతికీ పోతుంది, ఏరి పారేసిన పప్పే నూనెకు ఎక్కువగా వస్తుంది. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగలో అఫ్లటాక్సిన్ వంద కోట్ల పాళ్ళలో 4 పాళ్ళు మించితే సరుకు దించుకోవు. మన దేశ ప్రమాణాల ప్రకారం కోళ్ళ దాణాలో 20 పాళ్ళు మించకూడదు. అంటే టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా రాదు. పెద్ద దాణా కంపెనీలు, పెద్ద ఫారాలు లారీ దించే ముందు పరీక్ష చేసుకుంటాయి. పనికిరాదని తిప్పి పంపిన లారీ ఎక్కడికి పోతుంది? పరీక్ష లేని చోటికే గదా. పరాయి దేశం వాడు తినే గింజకు పరీక్ష వుంది, పెద్ద ఫారం కోడికి పరీక్ష వుంది. సంతలో అయిదు కిలోల చెక్క కొనే మనిషికి మాత్రం ముక్కే పరీక్ష.

ఆ ముక్కును కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. బూజు పచ్చగా, పసుపు పచ్చగా పొడిలా కనపడితే పారెయ్యవచ్చు. కాని ఆడించిన తర్వాత బూజు కనపడదు, విషం మిగులుతుంది. ఆ విషానికి రంగు, రుచి తెలియవు. వేయి గింజల్లో ఒకటి రెండు చెడినా మొత్తం చెక్క చెడిపోవడానికి చాలు. ఒక మూటలో వుంటుంది, పక్క మూటలో వుండదు. అందుకే పరీక్షకు పంపేటప్పుడు ఒకే మూటలోంచి పిడికెడు తీస్తే లాభం లేదు. అన్ని మూటల్లోంచి కొంచెం కొంచెం తీసి, పొడి చేసి బాగా కలిపి, అందులోంచి నమూనా ఇవ్వాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని పట్టే పరీక్షను తయారు చేశారు. నమూనా ఎక్కడికి పంపాలో మండల పశువైద్యాధికారిని అడిగితే చెబుతారు. 500 పిల్లలకు పైగా పెంచేవారికి ఆ ఖర్చు భారం కాదు. పది కోళ్ళ ఇంటికి ఇది కుదిరే పని కాదు, వాళ్ళు కాయ దగ్గరే జాగ్రత్త పడాలి.

ఉడకబెడితే పోదా, వేయిస్తే పోదా అని అడుగుతారు. పోదు. ఈ విషం 250 డిగ్రీల వేడి దాటినా తట్టుకుంటుంది. వేయిస్తే కొంత తగ్గవచ్చు గాని, ఆ కొంతను నమ్ముకుని కోళ్ళకు వేయడం తెలివి కాదు. ఎండ కాయను ఆరబెట్టి కొత్త బూజు రాకుండా చేస్తుంది, అప్పటికే పుట్టిన విషాన్ని తీసెయ్యదు.

విషం తగిలిన కోడి వెంటనే చావదు. తొందరగా చచ్చేది లేత పిల్లలే. బాతు పిల్లలు మరీ సుకుమారం, తర్వాత టర్కీ పిల్లలు, ఆ తర్వాత కోడిపిల్లలు. పెద్ద కోడికి మోతాదు తక్కువైతే వారాల తరబడి నెమ్మదిగా పట్టుకుంటుంది. మేత తగ్గిస్తుంది, ఈకలు రేగుతాయి, జుట్టు, కాళ్ళు పాలిపోతాయి, గుడ్లు తగ్గుతాయి. చిన్న దెబ్బకే చర్మం కింద రక్తం కమిలిపోతుంది. కోసి చూస్తే కారిజం ఎర్రగా వుండవలసింది పసుపు పచ్చగా, ఉబ్బి, వేలితో నొక్కితే చితికిపోయేలా వుంటుంది. కోడి కోసేవాళ్ళు ఈ గుర్తును చాలాసార్లు చూసి వుంటారు. కొవ్వు పట్టిందనుకుని వదిలేసి వుంటారు.

దీనికంటే పెద్ద నష్టం కంటికి కనపడదు. ఈ విషం కోడికి రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తుంది. రాణీఖెత్ (కొక్కెర) తెగులుకు టీకా వేయించినా పట్టవలసినంత పట్టదు. అప్పుడు తెగులు వస్తుంది, మంద పోతుంది. రైతు టీకా వేసినవాణ్ణి తిడతాడు. టీకా వేసినవాడు పిల్లలు అమ్మినవాణ్ణి అంటాడు. పిల్లలు అమ్మినవాడు షెడ్డులో తేమ వుందంటాడు. రైతు అప్పు తెచ్చి మందులు పోస్తాడు. అన్నిటికీ మూలమైన చెక్క మూట మూలన అలాగే వుంటుంది, కొత్తగా తెచ్చిన పిల్లలకూ అదే వేస్తారు. ఒకే షెడ్డులో రెండు మూడు విడతలు వరసగా దెబ్బతింటే మందుల బిల్లు చూసుకోవడం ఆపి మేత మూట విప్పి చూడాలి. చెక్క మార్చిన తర్వాత కోళ్ళు మేత ఎత్తుకుంటే అనుమానం తీరినట్టే.

ఈ విషానికి విరుగుడు మందు లేదు. ఆ మేత ఆపి, మంచి మేత వేసి, విటమిన్లు ఇచ్చి, కాస్త మెథియోనిన్ కలిపితే తేరుకునేవి తేరుకుంటాయి. బెంటోనైట్ వంటి కొన్ని రకాల బంకమట్టి పొడిని దాణాలో కలిపితే అది పేగుల్లోనే విషాన్ని పట్టుకుని రెట్టతో బయటికి పంపుతుంది. దాణా అంగళ్ళలో టాక్సిన్ బైండర్ అనే పేరుతో అమ్మేవాటిలో చాలా వాటికి మూలం ఇదే. ఊళ్ళో మట్టి ఏదైనా పనిచేస్తుందనుకోవద్దు. విషం తక్కువగా వున్నప్పుడు ఇది కాపాడుతుంది గాని, నల్లగా బూజు పట్టిన చెక్కను మంచి మేతగా మార్చదు.

పప్పుజాతి గింజలకు ఏదో ఒక దోషం వుండడం ప్రకృతిలో వున్నదే. పచ్చి సోయా గింజలో మాంసకృత్తుల్ని అరగనివ్వని గుణం వుంది. అది వేడికి పోతుంది, అందుకే సోయాను వేడి తగిలించి వాడతారు. పచ్చి ఉలవలోనూ అటువంటి గుణమే వుంది. ఆస్ట్రేలియా పడమటి భాగంలో గొర్రెలకు, కోళ్ళకు, పందులకు మేపే లూపిన్ అనే గింజ వుంది. మాంసకృత్తులు నూటికి 30 పాళ్ళు దాటతాయి, కాని అడవి రకం చేదు, తింటే విషం. 1920ల చివర జర్మనీలో ఒక శాస్త్రవేత్త వేల మొక్కలు పరీక్షించి చేదు లేని మొక్కల్ని ఏరాడు. తర్వాత ఆస్ట్రేలియాలో ఆ తీపి రకాలను పెంచి పొలాలకు తెచ్చారు. దోషం విత్తనంలోనే వుంది గనుక విత్తనాన్ని మారిస్తే సరిపోయింది. వేరుశనగ గింజలో ఆ దోషం లేదు. విషం బయటి నుంచి వస్తున్నది. బూజును కొంత తట్టుకునే వేరుశనగ రకాలను శాస్త్రవేత్తలు గుర్తించారు గాని, విత్తనం ఒక్కటే ఈ బెడద తీర్చలేదు. పని అంతా చేనులోనూ, కళ్ళంలోనూ వుంది.

చేనులో చేయగలిగింది తక్కువేమీ కాదు. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని వ్యవసాయ శాఖ ఎప్పటి నుంచో చెబుతున్నదే. దిగుబడి కోసమే అనుకుంటాం గాని, అందులోని సున్నం వల్ల కాయ తొక్క గట్టిపడి బూజు దూరడం కూడా తగ్గుతుంది. బోరులో నీళ్ళు కొంచెమే వుంటే కాయ ఊరే చివరి రోజులకు ఒక తడి దాచుకోవడం మేలు. పక్వానికి వచ్చిన వెంటనే పెరకాలి. కూలి దొరకలేదని పది రోజులు వదిలితే నేలలోనే చెడిపోతుంది. పెరికిన చెట్టును తలకిందులుగా, కాయలు పైకి వుండేలా పరిస్తే గాలి, ఎండ తగిలి త్వరగా ఆరుతుంది. తడి కట్టెతో వామి వేయరాదు. కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి, గింజను వేళ్ళతో నలిపితే పైపొర ఊడి రావాలి. అప్పుడు తేమ 8 పాళ్ళకు దిగినట్టు లెక్క. గోతాలను నేల మీద కాక చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంగా పేర్చాలి. యూరియా సంచుల్లో, ప్లాస్టిక్ సంచుల్లో తేమ కాయ కడితే చెమట పట్టి చెడిపోతుంది, గోనె సంచే మేలు.

చెక్క కొనేవారు నెలకు సరిపడా మాత్రమే కొనాలి. వానాకాలంలో రెండు వారాలకు మించి దాచకూడదు. విరిస్తే పెళుసుగా విరిగి కమ్మని వాసన రావాలి. మెత్తగా వంగినా, లోపల దారాల్లా అల్లుకుని వున్నా తీసుకోవద్దు. తొట్టిలో నీళ్ళు పడి ముద్దకట్టిన దాణాను మర్నాటికి వుంచరాదు, దాని మీదే కొత్త దాణా పోయరాదు. చాలా ఇళ్ళలో తొట్టి అడుగున పచ్చగా పేరుకుని వుండేది అదే.

ఇక ఎంత వేయాలన్నది. తిరిగి మేసే పెద్ద కోళ్ళకు ఇంట్లోనే కలుపుకోవాలంటే 100 కిలోలకు మొక్కజొన్న నూక, జొన్నలు, రాగులు, బియ్యపు నూకల్లో ఏది చవకైతే అది 55 కిలోలు, తవుడు 15, మంచి వేరుశనగ చెక్క 20, ఉప్పు లేని ఎండుచేపల పొడి 5, ఆల్చిప్పల పొడి 4, ఖనిజ లవణాల మిశ్రమం 1 కిలో చొప్పున కలుపుకోవచ్చు. లెక్క కడితే మాంసకృత్తులు 17 పాళ్ళకు కాస్త అటూ ఇటూ వస్తాయి. ఫారంలో కట్టేసిన గుడ్ల కోడి రోజుకు 110 గ్రాములు తింటుంది. పెరట్లో తిరిగే కోడి పురుగూ పుట్రా ఏరుకుంటుంది గనుక అందులో సగం చాలు. వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ వంటి పెరటి రకాలకు నాటు కోడి కంటే కొంచెం ఎక్కువ వేయాలి, గుడ్లు ఎక్కువ పెడతాయి గనుక. ఆరు వారాల లోపు పిల్లలకు మాత్రం పరీక్ష చేయించని వేరుశనగ చెక్క అసలు వేయకపోవడమే మంచిది. వాటికి సోయా చెక్క, చేపల పొడి చాలు, తినేది ఎంత గనుక. ఖర్చు పెరిగేది కొద్ది రోజులే.

ఇదంతా విన్న తర్వాత రైతు అడిగే ప్రశ్న ఒకటే, మూడో కుప్పను ఏం చేయాలి? మిల్లువాడు దానికి ధర కడుతున్నాడు, కాబట్టి పారెయ్యమంటే ఎవరూ పారెయ్యరు. అందులోంచి ముడుచుకుపోయినా శుభ్రంగా వున్న గింజను ఏరి వాడుకోవచ్చు. ఇంట్లో ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట ఏరే పనే అది, వాళ్ళ చేతులే ఇక్కడ ప్రయోగశాల. నల్లబడింది, పురుగు పట్టింది, బూజు కనపడేది మాత్రం కోడికీ వద్దు, గేదెకూ వద్దు. గేదె తింటే విషంలో కొంత పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. దాన్ని మామిడి చెట్ల పాదుల్లో లోతుగా వేసి మట్టి కప్పితే ఎరువుగా పనికి వస్తుంది. వేసేటప్పుడు దుమ్ము పీల్చకుండా మూతికి గుడ్డ కట్టుకోవాలి. వేరుశనగ వేసే చేనులో మాత్రం పోయవద్దు, ఆ బూజు మళ్ళీ వచ్చే ఏటి కాయకే పడుతుంది.